రూస్ అనబోయి రష్యా అన్నాను

ఇరవై ఏళ్లకు పైగా హైదరాబాద్‌లో రష్యన్ భాష చెబుతున్నాను. రష్యాను మాత్రం చూడలేదు. వెళ్దామనుకున్నప్పుడల్లా ఏదో ఒకటి అడ్డం పడేది. ఒకసారి అమ్మకు ఆపరేషన్, ఒకసారి కరోనా, ఆ తర్వాత యుద్ధం. నా దగ్గర నాలుగు మాటలు నేర్చుకుని డాక్టరు చదువుకు వెళ్లిన పిల్లల్లో కొందరు రష్యాలో ఉన్నారు, కొందరు ఉక్రెయిన్ వదిలి ఇంటికొచ్చేశారు. చివరికి నా పాస్‌పోర్టు మీద మొదటి ముద్ర పడింది దుబాయ్‌లో. విచిత్రమేమిటంటే, అక్కడికి నన్ను తీసుకెళ్లింది కూడా రష్యన్ భాషే.

మా పిన్ని కూతురు రూతు అక్కడ ఆసుపత్రిలో నర్సు. ఆమె చూసుకున్న ఒక ముసలావిడ కొడుక్కి పాత వెండి నాణేలంటే పిచ్చి. అందరూ ఆయన్ని అబూ సైఫ్ అంటారు, అంటే సైఫ్ వాళ్ల నాన్న అని. షార్జాలో ఉండే ఒక రష్యన్ పెద్దావిడ చేత తన ఇంట్లో ప్రసంగం చేయించాలని ఆయన కోరిక. వెయ్యేళ్ల క్రితం అరబ్బు వెండి ఉత్తరాన ఉన్న నదుల దాకా ఎలా వెళ్లింది, అక్కడ మొదటి రాజ్యం ఎలా ఏర్పడింది అన్నది విషయం. ఆవిడకు ఇంగ్లీషు అంతంతమాత్రం.

"అక్కా, నీకు రష్యన్ వచ్చు కదా?" అంది రూతు ఫోన్లో. "ఇక్కడ దుబాసీలు బోలెడుమంది ఉన్నారంట. కానీ రష్యనోళ్లని పెడితే యుక్రెయినోళ్లు రారంట, వాళ్లని పెడితే వీళ్లు రారంట. ఎవరి తరపూ కాని మనిషి కావాలంట. మనం ఎవరి తరపూ కాదు కదే?"

"కాదు" అన్నాను. అప్పుడు అలాగే అనుకున్నాను. అది యుద్ధం మొదలయ్యాక వచ్చిన రెండో శీతాకాలం.

దిగీ దిగగానే

విమానాశ్రయంలో పాస్‌పోర్టు వరుసలో నా ముందు ఒక రష్యన్ కుటుంబం నిలబడింది. నాయనమ్మ మనవడిని తిడుతోంది. ఆ తిట్లు ఏ పాఠ్యపుస్తకంలోనూ లేవు. ప్రతి మాటా అర్థమవుతుంటే నాకు ఒళ్లు పులకరించింది. ఆగలేక, "పిల్లాడికి నిద్ర వస్తున్నట్టుందండీ" అన్నాను రష్యన్‌లో. ఆవిడ నా చీరనూ నా నోటినీ మార్చి మార్చి చూసింది.

"మాస్కోలో చదువుకున్నారా?"

"లేదండీ, నారాయణగూడలో."

ఆవిడ అది మాస్కో శివార్లలో ఏదో పేట అనుకుని తలాడించింది.

రూతు ఉండేది అల్ కుసైస్‌లో, మరో ఇద్దరు నర్సులతో కలిసి. మెట్ల దగ్గరే ఎండు రొయ్యల ఇగురు వాసన తగిలింది. అమలాపురం నుంచి వచ్చిన రొయ్యలు, పక్క కొట్లో కొన్న ఖుబ్జ్ రొట్టెలు. మన పుల్కాకు అన్నయ్యలా ఉంటుంది ఖుబ్జ్, వెడల్పుగా, మెత్తగా. గోంగూర పెట్టుకుని తింటే అన్నం గుర్తుకు రాలేదు.

"తిను తిను, రేపట్నుంచి నువ్వు దొరసానివి, నీకు ఇది దొరకదు" అని రూతు ఇంకో గరిటె వేసింది.

దేరాలో బొచ్చు కోట్లు

మర్నాడు రూతు డ్యూటీకి వెళ్లింది. నేను మెట్రో ఎక్కి దేరాలో దిగాను. ఒక పెద్ద కూడలి చుట్టూ దుకాణాలు, వాటి మీద రష్యన్ అక్షరాలు. ఒకటి కాదు, వరసగా! నల్లబల్ల మీద నేను రాసీ రాసీ చేతులు నొప్పెట్టిన అక్షరాలు దీపాలతో వెలుగుతున్నాయి. చిన్నపిల్లలా ప్రతి బోర్డూ పైకి చదువుతూ నడిచాను. "షూబా" అన్న మాట దగ్గర ఆగిపోయాను. షూబా అంటే బొచ్చుతోలుతో కుట్టిన పొడవాటి కోటు. బయట నేనేమో చీర కొంగుతో చెమట తుడుచుకుంటున్నాను. అద్దం వెనక బొమ్మలేమో మంచు కురుస్తున్నట్టు మెడదాకా బొత్తాలు పెట్టుకుని నిలబడ్డాయి.

లోపలి నుంచి ఒకాయన వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి, సన్నటి మీసం.

"దేవుష్కా! షూబా నాదా? ద్యోషెవా, ద్యోషెవా!" అన్నాడు. అమ్మాయీ, కోటు కావాలా, చవక చవక అని.

నన్ను అమ్మాయీ అన్నందుకే ఒక కోటు కొనాల్సింది. "హైదరాబాద్‌లో ఇది వేసుకుని ఎక్కడికి పోను?" అన్నాను, రష్యన్‌లోనే.

ఆయన రష్యన్ అంతటితో అయిపోయింది. "హైదరాబాదా? అరె, మనోళ్లేనా అక్కా! మరి గిదేంది, రష్యోళ్ల లెక్క మాట్లాడుతున్నవ్?"

పేరు గంగారాం. ఊరు జగిత్యాల జిల్లాలో కోటిలింగాల దగ్గర. మొదట దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్ అనే పారిశ్రామిక పేటలో ఫ్యాక్టరీ పని చేసి, తర్వాత ఈ దుకాణానికి మారాడట.

"గీ ఎండల షూబా ఎవలు కొంటరని నేను గూడ నవ్విన అక్కా. వాళ్ల దేశంల చలి, ఈడికొచ్చి కొనుక్కపోతరు. మునుపైతే దుకాణం పండుగ లెక్కుండె. ఇప్పుడు జర తగ్గింది."

నేను ఎందుకొచ్చానో చెప్పాను. వెయ్యేళ్ల కిందట ఆ ఉత్తరాది వర్తకులే అడవి జంతువుల బొచ్చుతోళ్లు పడవల్లో తెచ్చి అమ్మి, అరబ్బు దిర్హాములు పట్టుకెళ్లేవాళ్లని, ఆ వెండితోనే వాళ్ల మొదటి రాజ్యం బలపడిందని కొందరంటారని చెప్పాను. గంగారాం కోట్ల వంక చూశాడు, గల్లాపెట్టె వంక చూశాడు, పగలబడి నవ్వాడు.

"అప్పుడు తోళ్లు అమ్మి దిర్హాములు కొంటబోయిన్రు, ఇప్పుడు దిర్హాములిచ్చి తోళ్లు కొంటబోతున్రు! మరి ఆ రాజ్యం ఎవలు పెట్టిన్రక్కా?"

"అదే కదా తగువు. సముద్రం అవతలి నుంచి వచ్చిన వాళ్లని కొందరు, అక్కడి వాళ్లేనని కొందరు."

"మన శాతవాహనుల లెక్కనే ఉన్నది గదా! మా కోటిలింగాల మట్టిల వాన పడితే పాత పైసలు తేల్తుండెనని మా తాత చెప్తుండె. ఆ రాజులు మా దిక్కే మొదలైన్రంటరు. మీరేమో పుస్తకాలల్ల ఆంధ్ర శాతవాహనులని రాసుకున్నరు." నా యాస ఎప్పుడో పట్టేశాడు.

"నేనేం రాయలేదు బాబూ!" అన్నాను. నవ్వుతూనే అన్నా, ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది. నేను చదువుకున్నది, అప్పజెప్పింది ఆ పుస్తకాలే.

పక్క సందులో కరక్ చాయ్ తాగించాడు. కాగితం కప్పు రెండు దిర్హాములు. పాలు మరిగి మరిగి ఇటుక రంగుకొచ్చిన టీ, యాలకుల ఘాటు. డబ్బులివ్వబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఖలాస్ అక్కా, మాట అయిపోయింది. ఈడ నువ్వు మా సుట్టానివి."

షార్జాలో గలీనా వంటిల్లు

ప్రసంగానికి ముందు ఆవిడతో ఒక పూట కూర్చోవాలని షార్జా వెళ్లాను. గలీనా పావ్లోవ్నాకు డెబ్బై దాటాయి. ఎత్తు మనిషి, పొట్టి తెల్లజుట్టు. రష్యాలోని నోవ్‌గొరోద్ ఊళ్లో ఒక ప్రదర్శనశాలలో ఉద్యోగమంతా పాత నాణేలు తూచి, చదివి, పెట్టెల్లో సర్దిన మనిషి. ఇప్పుడు కూతురు లేనా దగ్గర ఉంటోంది.

రష్యన్లు పెద్దవాళ్లను పేరుతో పాటు తండ్రి పేరు కలిపి పిలుస్తారు. నన్నూ అలాగే పిలవాలని పట్టుబట్టింది.

"మీ నాన్నగారి పేరు?"

"యోహాను."

"అంటే మా ఇవాన్! అయితే నువ్వు విజయా ఇవానొవ్నా!"

బతికినంత కాలం కోనసీమ దాటని మా నాన్న షార్జాలో అయిదో అంతస్తులో ఇవాన్ అయిపోయాడు. ఫోటోలో ఉన్న నాన్నకు చెప్పాలనిపించింది.

భోజనానికి కాష పెట్టింది. గోధుమరంగు గింజల్ని ఉడికించి వెన్న వేస్తారు. ఉడికే ఉలవల వాసన వచ్చింది. నేను సంచిలోంచి ఆవకాయ తీశాను. వద్దంటున్నా వినకుండా ఆవిడ చెంచాడు నోట్లో వేసుకుంది. కళ్లనీళ్లు కారుతుంటే, "మా వాళ్ల దండయాత్రలు మీ దేశం దాకా ఎందుకు రాలేదో ఇప్పుడు అర్థమైంది" అంది.

తర్వాత టేబుల్ మీద తడివేలితో నదులు గీసింది.

"చూడు విజయా ఇవానొవ్నా. పాత కథ ఒకటుంది. ఉత్తరాన తెగలన్నీ కొట్టుకుని కొట్టుకుని విసిగిపోయి, సముద్రం అవతల ఉన్న వర్యాగ్‌లను వచ్చి మమ్మల్ని ఏలండని పిలిచాయట. రూరిక్ అనేవాడు వచ్చాడట. సన్యాసులు దీన్ని రాసిందేమో అది జరిగిన రెండు వందల యాభై ఏళ్ల తర్వాత. దీన్ని పట్టుకుని జర్మన్ పండితులు, మీకు రాజ్యం పెట్టుకోవడం చేతకాక ఉత్తరాది ఓడదొంగల్ని పిలుచుకున్నారన్నారు. మా వాళ్లకు ఒళ్లు మండింది. కాదు, మేమే పెట్టుకున్నాం, ఆ రాజ్యానికున్న రూస్ అన్న పేరు కూడా కీవ్ దగ్గరి చిన్న నదిదే అన్నారు. ఇంకొకరు లేచి, ఆ రూస్ వాళ్ల రాజు తనను ఖగాన్ అని పిలిపించుకున్నాడు, అది గుర్రాల మీద తిరిగే తురుష్కుల బిరుదు కదా, మరి వాళ్ల మాటేమిటన్నారు. మూడు వందల ఏళ్లుగా ఇదే రగడ."

"మరి మీరేమంటారు?"

"నేను వెండి మాట వింటాను. నాణెం మీద ఊరూ ఏడాదీ చెక్కి ఉంటాయి. రూరిక్ వచ్చాడని చెప్పే కాలానికి ముందే మా ఉత్తరాది రేవుల్లోకి దిర్హాములు వచ్చేశాయి. అంటే అప్పటికే అక్కడ సంత ఉంది, పడవలు ఉన్నాయి, నాలుగు భాషల వాళ్లు బేరమాడుకుంటున్నారు. ఆ సంతకు కాపలా కావాలి, సుంకం వసూలు చేసేవాడు కావాలి. రాజ్యం అలా ముద్దకట్టింది. నాకు తెలిసినంతలో ఒక్కడి సొత్తు కాదు."

నేను దేరా సంగతి, గంగారాం నవ్వు చెప్పాను. ఆవిడ టేబుల్ మీద చెయ్యి వేసి కొట్టి మరీ నవ్వింది. ఆ చప్పుడుకు గీసిన నదులు కలిసిపోయాయి.

అప్పుడే లేనా ఆఫీసు నుంచి వచ్చింది. ముఖంలో అలసట. "అమ్మా, శనివారం వదీమ్ సెర్గేయెవిచ్ కూడా వస్తున్నారట. నాణేల గురించి మాత్రమే మాట్లాడు. రాజ్యం ఎవరిది, ఎవరు ఎవరికి వారసులు, ఆ జోలికి పోకు" అంది. వదీమ్ ఆమె పనిచేసే కంపెనీ యజమాని.

"నాణెం బయల్దేరిందని చెప్పి ఎక్కడికి చేరిందో చెప్పకపోతే ఎలా?"

లేనా నా వైపు తిరిగింది. "మీరైనా అనువదించేటప్పుడు కొంచెం మెత్తగా చెప్పండి. నా ఉద్యోగం పోతే మా వీసాలన్నీ పోతాయి. అమ్మ, పిల్లాడు, నేను, అందరం."

తలాడించాను. ఆ తలాడింపు అర్థం ఏమిటో నాకే తెలియలేదు.

గలీనా నన్ను కింద దాకా దింపడానికి వచ్చింది. లిఫ్టులోకి ఇంకో ఆవిడ ఎక్కింది. నలభై ఐదేళ్లుంటాయి, జుట్టు గట్టిగా వెనక్కి ముడేసుకుంది. ఇద్దరూ తలుపు వైపే చూస్తూ నిలబడ్డారు. ఆమె దిగి వెళ్లాక గలీనా నెమ్మదిగా అంది: "ఒక్సానా. ఉక్రెయిన్ మనిషి, పియానో నేర్పుతుంది. ఇద్దరం కలిసి చేపల బజారుకు వెళ్లేవాళ్లం. యుద్ధం మొదలైన రోజు నుంచి నాతో మాట్లాడలేదు. రష్యన్‌లో మాట్లాడటమే మానేసింది, ఎవరితోనూ. నేను ఆమెను తప్పుపట్టను."

రస్ అల్ ఖైమా తోట

శనివారం మధ్యాహ్నం అబూ సైఫ్ రస్ అల్ ఖైమాలోని తన ఇంటికి రమ్మని కారు పంపించాడు. రూతు, గలీనా, లేనా, నేను. షార్జా దాటాక ఇసుక ఎర్రబడింది. ఒకచోట ఒంటెలు రోడ్డు పక్కన మన గేదెల్లా తీరిగ్గా నిలబడి కార్లను చూస్తున్నాయి. తర్వాత కొండలు వచ్చాయి. ఒక్క చెట్టు లేదు, ఎవరో పిండి ముద్దలు ఆరబెట్టినట్టున్నాయి.

కొండ కింద ఖర్జూరపు తోట, అందులో ఇల్లు. అతిథులు కూర్చునే పెద్ద గదిని మజ్లిస్ అంటారు. చెప్పులు బయట విడిచి, గోడల వెంట పరిచిన పరుపుల మీద కూర్చోవాలి. ఆ రెండూ మనకు అలవాటే. కాఫీ మాత్రం కాదు. పిడి లేని చిన్న కప్పు, పచ్చరంగు కాఫీ, చక్కెర లేదు, పక్కన ఖర్జూరాలు. తాగి కప్పు ఇచ్చాను, మళ్లీ నింపారు. మర్యాద కదా అని తాగాను, మళ్లీ నింపారు. అయిదో కప్పుకు గుండె దడదడలాడింది.

అబూ సైఫ్ నవ్వు ఆపుకుంటూ హిందీలో అన్నాడు, "బహన్‌జీ, కప్పు ఇలా అటూ ఇటూ ఊపాలి. ఊపకపోతే మావాళ్లు తెల్లవార్లూ పోస్తూనే ఉంటారు."

పదిహేను మంది దాకా వచ్చారు. రూతు వెళ్లి అబూ సైఫ్ తల్లి పక్కన కూర్చుంది. ఆవిడ రూతు చెయ్యి వదల్లేదు. వదీమ్ ఎదురుగా కూర్చున్నాడు, యాభై ఏళ్ల మనిషి, మర్యాదగా లేచి గలీనా చెయ్యి ముద్దుపెట్టుకున్నాడు. చివరగా ఒక్సానా వచ్చింది. అబూ సైఫ్ కూతుళ్లకు ఆమే పియానో నేర్పుతుందట. తలుపు దగ్గర కూర్చుంది.

ఒక్క మాట

మొదటి అరగంట నేను గాల్లో తేలాను. గలీనా రష్యన్‌లో నాలుగు వాక్యాలు చెబుతుంది, నేను ఇంగ్లీషులో చెబుతాను. సమర్‌కంద్‌లో ముద్ర వేసిన దిర్హాము ఒంటెల మీద, పడవల్లో, మంచు మీద లాగే బండ్లలో ఎలా వెళ్లిందో చెబుతుంటే, అది నా నోట్లోంచే దొర్లుకుంటూ పోతున్నట్టుంది. రూరిక్ కథ అయింది, నది పేరు కథ అయింది, ఖగాన్ బిరుదు అయింది. ఎవరూ కదల్లేదు. నాకు గర్వంగా అనిపించింది. అదే కొంప ముంచింది.

గలీనా ఆగి, నెమ్మదిగా అంది: "రూస్ ఒక్క రోజులో పుట్టలేదు. ఒక్కరి చేతుల్లోనూ పుట్టలేదు."

నేను ఇంగ్లీషులో గలగలా చెప్పేశాను: రష్యా ఒక్క రోజులో పుట్టలేదు, ఒక్కరి చేతుల్లోనూ పుట్టలేదు.

తలుపు దగ్గర ఒక్సానా లేచి నిలబడింది. చెంపలు ఎర్రబడ్డాయి.

"ఆవిడ రూస్ అంది. మీరు రష్యా అన్నారు" అంది ఇంగ్లీషులో. "ఆ రెండూ ఒకటి కాదు. రూస్ అంటే కీవ్ పీఠంగా ఉన్న పాత రాజ్యం. రష్యా అంటే చాలా కాలం తర్వాత వచ్చిన దేశం. ఈ ఒక్క మాట మార్చేసే మమ్మల్ని లేనివాళ్లను చేస్తున్నారు. ఎవరి తరపూ కాని మనిషి వస్తుందన్నారు!"

దేరాలో గుచ్చుకున్న ముల్లు ఏమిటో అప్పుడు తెలిసింది. ఒకళ్లకు అలవాటుగా నోట్లోంచి జారే పేరే ఇంకొకళ్ల ఇంటి గోడ మీద ఎవరో రాసుకుపోయిన పేరు.

వదీమ్ చెయ్యి ఊపి ఇంగ్లీషులోనే అన్నాడు, "ఏముంది తేడా? రెండూ ఒకటే. కానివ్వండి."

గలీనాకు ఇంగ్లీషు అందలేదు. "ఏమంటున్నారు విజయా ఇవానొవ్నా?" అని అడిగింది.

లేనా నా వంకే చూస్తోంది. కళ్లతోనే బతిమాలుతోంది. ఏదో ఉచ్చారణ గొడవ అని చెప్పి దాటేయొచ్చు. గలీనా, నేను కాక గదిలో రష్యన్ తెలిసిన వాళ్లు ముగ్గురే. వాళ్లలో లేనా, వదీమ్ నోరెత్తరు, ఒక్సానా రష్యన్ మాట్లాడదు. ఒక్క క్షణం నిజంగానే తటపటాయించాను. తర్వాత ఒక్సానా మాటలు, వదీమ్ మాటలు, నా తప్పు, ఏదీ తగ్గించకుండా రష్యన్‌లో చెప్పాను. ఇంగ్లీషులో అందరికీ, "పొరపాటు నాది. ఆవిడ అన్నది రూస్" అన్నాను.

గలీనా కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. తొందరపడలేదు.

"ఒక్సానా చెప్పింది నిజం. నేను రూస్ అన్నాను, రూస్ అనే అనుకున్నాను. వదీమ్ సెర్గేయెవిచ్, నేను జీవితమంతా నాణెం మీద ఉన్నదే చదివాను. లేనిది చదవమంటే నాకు చేతకాదు. ఈ వెండి ఉత్తరానికి వెళ్లిన రోజుల్లో మాస్కో అన్న పేరు ఎవరి నోటా లేదు. నేను నోవ్‌గొరోద్ దాన్ని. మా ఊరు ఆ రాజ్యంలో ఉండేది. కీవ్ కూడా ఉండేది. అందుకని కీవ్ నాది అయిపోదు."

ఈసారి ప్రతి మాటా చూసుకుని అనువదించాను. లేనా తల దించుకుంది.

అబూ సైఫ్ లేచి మఖ్మల్ పరిచిన పళ్లెం తెచ్చాడు. "మాటలు చాలు, యల్లా, వస్తువు చూడండి!" అన్నాడు. పలచటి వెండి బిళ్ల, మన పాత రూపాయంత వెడల్పు. అంచున గోరంత గీతలు, ఎవరో కత్తిమొనతో గీసినవి. ఇలాంటి గీతలు ఉత్తరాన దొరికిన నాణేల మీదే ఎక్కువట. భూతద్దం చేతులు మారింది. అది పడవ అంది గలీనా. త్రిశూలం అంది ఒక్సానా, కీవ్ రాజుల ముద్ర అలాగే ఉంటుందట. కాదు, దూకుతున్న డేగ అన్నాడు వదీమ్, అద్దం వదలకుండా. అబూ సైఫ్ తల్లి అరబ్బీలో ఏదో అంది. అబూ సైఫ్ పెద్దగా నవ్వి చెప్పాడు: "వెండి అసలుదో కాదో చూడ్డానికి ఎవడో గీకాడు అంటోంది మా అమ్మ. ఆవిడ బంగారం కొట్లో చేసేది అదే!"

గది మొత్తం నవ్వింది. వదీమ్ కూడా.

"నీకేం కనిపిస్తోందక్కా?" అంది రూతు.

"మన 'ష' వత్తు" అన్నాను.

తర్వాత పెద్ద పళ్లెంలో హరీస్ వచ్చింది. గోధుమలు, మాంసం గంటల తరబడి ఉడికించి మెదిపిన ముద్ద. ఒక్క ముద్ద తినగానే తెలిసిపోయింది, మన హైదరాబాద్ హలీం పుట్టిల్లు ఇదే. మసాలా లేదు, నిమ్మకాయ లేదు, వేయించిన ఉల్లిపాయ లేదు. నెయ్యి మాత్రం ఉంది. మూడుసార్లు పెట్టించుకున్నాను.

వెళ్లే ముందు చెప్పుల దగ్గర వదీమ్ మమ్మల్ని ఆపాడు. లేనా ముఖం పాలిపోయింది.

"మీ అమ్మగారు చెప్పింది నేను ఒప్పుకోను. ఇంకోసారి వినడానికి రాను కూడా. సోమవారం ఆ టెండరు కాగితాలు పదింటికల్లా నా టేబుల్ మీద ఉండాలి" అన్నాడు లేనాతో. గలీనాకు తల వంచి నమస్కరించి వెళ్లిపోయాడు. లేనా గోడకు ఆనుకుని గట్టిగా ఊపిరి వదిలింది. తర్వాత తల్లి భుజం మీద తల పెట్టి, "నీతో వేగలేను అమ్మా" అంది.

తిరుగుదారి

తిరిగి వచ్చేటప్పుడు షార్జా వైపు వెళ్లేవాళ్లందరినీ అబూ సైఫ్ ఒకే వ్యానులో ఎక్కించాడు. ఒక్సానా కూడా ఎక్కింది. మిగిలిన సీట్లు చూసుకుంటే, నాకు అటు గలీనా, ఇటు ఒక్సానా. ఎండ తగ్గి కొండలు వంకాయ రంగుకు తిరిగాయి.

"నన్ను క్షమించండి" అన్నాను ఒక్సానాతో, ఇంగ్లీషులో.

"మీరు సరిదిద్దుకున్నారు" అంది. అంతే.

గలీనా నా మోచేతిని తట్టి రష్యన్‌లో అంది: "అడుగు, ఆమె చేతి నొప్పి తగ్గిందా అని. చలికాలం వేళ్లు పట్టేసేవి."

ఒక్సానాకు ఆ మాట నాకన్నా బాగా అర్థమైంది. అయినా నేను ఇంగ్లీషులో చెప్పేదాకా ఆగింది. "ఈ ఏడు చలి పెద్దగా లేదుగా, బాగానే ఉన్నాయని చెప్పండి" అంది ఇంగ్లీషులో. నేను దాన్ని రష్యన్‌లో గలీనాకు చెప్పాను. అలా పక్కపక్కన కూర్చున్న ఇద్దరి మధ్య తంతి వార్తలు చేరవేసేదానిలా అయిదారు మాటలు అటూ ఇటూ మోశాను. చేపల బజారులో హమూర్ చేప ధర పెరిగింది. పెరిగిందట. మేడ మీద కొత్తగా వచ్చినవాళ్లు రాత్రిళ్లు కుర్చీలు జరుపుతారు. అవునట, ఆమెకూ వినిపిస్తుందట.

తర్వాత గలీనా పెదవులు కదిలాయి, లోపల ఏదో కూడబలుక్కుంటున్నట్టు. నా మీదుగా ముందుకు వంగి, నేరుగా ఒక్సానాతో ఏదో అంది. అది రష్యన్ కాదు. రష్యన్‌లాగే ఉంది కానీ కాదు, మాటలు తడబడుతూ, మధ్యలో ఆగుతూ. ఒక్సానా చటుక్కున ఇటు తిరిగింది. ఎంతోసేపు ఆవిడ ముఖంలోకి చూసింది. తర్వాత ఒక మాట సరిచేసింది, మనం పిల్లల ఉచ్చారణ దిద్దినట్టు. గలీనా ఆ మాటను దిద్దుకుని మళ్లీ పలికింది. ఒక్సానా జవాబు చెప్పింది. ఈసారి పొడవుగా చెప్పింది, మధ్యలో ఒకసారి కళ్లు తుడుచుకుంది.

ముందు సీట్లోంచి రూతు వెనక్కి తిరిగింది. "ఏమంటున్నారక్కా?"

"తెలీదే" అన్నాను. "ఉక్రెయిన్ భాష. నాకు రాదు."

"మరి నువ్వెందుకు నవ్వుతున్నావ్?"

డ్రైవరును ఒక్క నిమిషం ఆపమన్నాను. దిగి, గలీనాను మధ్యకు జరగమని చెప్పి, నేను వెళ్లి రూతు పక్కన కూర్చున్నాను.